హోసూరు వాళ్ళకి తెరుచుకున్న పేజీ

పీణ్య పారిశ్రామికవాడలో స్ప్రింగులు చేసే చిన్న షెడ్డు. కోడలు నేత్రావతి ల్యాప్‌టాప్ తెరిచి, మెషిన్ దగ్గరున్న అత్త మునిలక్ష్మిని కేకేసింది.

"అత్తా, రా! మన వెబ్‌సైట్ మీద 'నాట్ సెక్యూర్' అని వస్తా ఉండే మాట పోయింది."

"మన స్ప్రింగులు కొనాలనుకున్న హోసూరు కంపెనీ వాళ్ళు చూసి భయపడి పేజీ మూసేసినారే, అదేనా?"

"అదే. సైటు భద్రమని చెప్పే సర్టిఫికెట్ వచ్చేసింది. ఇంగ వాళ్ళు మనకి పంపేది మధ్యలో ఎవురూ చదవలేరు."

"మన సైటుకి జాగా ఇచ్చిన క్లౌడ్ కంపెనీ వాళ్ళు పెట్టిన ఆ పొడుగు పేరు యాడ పోయింది?"

"అది లోపల ఉండాది. బయటికి మనం కొన్న పేరే కనపడేది. చదువు."

"మునిలక్ష్మి స్ప్రింగ్స్ డాట్ ఇన్... ఏమే, ఇది నా పేరు గదా! షెడ్డు బోర్డు మీద మీ మామ పేరుండాది గదమ్మా?"

"మామనే అడిగినా. 'స్ప్రింగు చుట్టేది ఆయమ్మ, ఆయమ్మ పేరే పెట్టు' అన్నాడు."

"నాతో ఒక్క మాటన్నా చెప్పలేదు సూడు ఆ మనిషి!"

నేత్రావతి ఫోను మోగింది. ఆమె ఎత్తి విని, నవ్వుతూ ఫోనుని చేత్తో మూసి పట్టుకుంది.

"హోసూరు వాళ్ళే అత్తా. పేజీ బాగా తెరుచుకునిందంట. సాంపుల్ కావాలంట, ఓనర్‌తో మాట్లాడాలంట."

"మీ మామ టీకి పోయినాడే!"

"మామని కాదు, మునిలక్ష్మి గారిని అడుగుతా ఉండారు."

"ఇటియ్యి... హలో, నేనేనప్పా, చెప్పండి!"