దురాయి లేని ఇల్లు

పులికాట్ సరస్సులోకి సముద్రపు నీళ్లొచ్చే దారి ఇసుకతో పూడిపోయింది. ఇంటికొక మగమనిషి పార పట్టుకొని రావాలనీ, రాని ఇంటితో ఊళ్లో ఎవరూ మాట్లాడకూడదనీ పెద్దకాపు దురాయి వేశాడు. తెల్లారేసరికి వచ్చిన మగవాళ్ల వెనక, భర్త పోయిన ఒకామె కూడా పార భుజానేసుకొని నిలబడింది.

“నువ్వెందుకొచ్చినావు మే? మొగదిక్కు లేని ఇంటికి దురాయి లేదని చెప్పినా గదా,” అన్నాడు పెద్దకాపు.

“విన్నా మామా.”

“రాకపోతే నిన్ను అడిగేవాళ్లే లేరు.”

“లేరనే వచ్చినా. వీళ్లు నీ మాటకు బయపడి వచ్చినారు. నాకేం బయం? ఈ నీళ్లలో చేతుల్తో రొయ్యలు పట్టి పిల్లోళ్లను సాకినా. ఆ రొయ్యలొచ్చే దారి తియ్యడానికి నన్నొకరు పిలవాల్నా?”

పెద్దకాపు ఆమె భుజమ్మీది పార వైపు చూశాడు. ఆమె తల దించలేదు.

“సరే. వచ్చే యేటినించి నీ ఇంటిక్కూడా దురాయి వేస్తా.”

“వెయ్యబాక మామా. వేస్తే నేనూ బయానికొచ్చినట్టే అవుద్ది. నన్నిట్టా వదిలెయ్, ప్రతి యేడూ వస్తా.”

ఆయన మగవాళ్ల వైపు తిరిగాడు.

“జరగండ్రా. మనమంతా దురాయికొచ్చినోళ్లం. మొదటి పార ఆమె వెయ్యాల.”