దర్జీ చెల్లెలికి నర్సింగు సీటు

పరీక్ష నుంచి తిరిగొచ్చిన చెల్లెలు టైలరు షాపు గుమ్మంలో నిలబడింది. అన్న కత్తెర ఆపాడు.

"ఏమైంది? మన ఊరొచ్చి పరీక్ష పెట్టిన ఆ పరాయి దేశం కాలేజీవాళ్ళు రమ్మన్నారా, పొమ్మన్నారా?"

"బొమ్మ చేతికి కట్టు కట్టమన్నారన్నయ్యా. చక్కగా కట్టి, మిగిలిన గుడ్డ పళ్ళతో కొరికేశాను."

"నీ మొహం! దారమనుకున్నావా? కత్తెర లేదా?"

"పక్కనే ఉంది. ఇన్నేళ్ళ అలవాటు ఊరుకుంటుందా! పెద్ద మేడం పడీ పడీ నవ్వి, చేతులు కడుక్కుని మళ్ళీ కట్టమంది."

"అయితే సీటు అటకెక్కినట్టే."

"ఇచ్చారు."

అన్న ఎదురుగా ఉన్న ఆమె మిషను వంక చూశాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళకు చదువా? ఈ మిషనెవరు తొక్కుతారు, మన తాతా?"

"అమ్మ మంచాన పడ్డప్పుడు చూసుకుంటుంటేనే తెలిసింది, నాకు నర్సు పనే ఇష్టమని. నువ్వు వద్దంటే మానేస్తా."

"మానేసి, బతికినన్నాళ్ళూ నన్ను తిట్టుకుంటూ బొత్తాలు కుడతావా? యూనిఫారం ఎవరిస్తారు?"

"కాలేజీవాళ్ళే."

"వాళ్ళెవరో కుట్టింది చంకలో పట్టేసి చస్తుంది," అంటూ మెడలోని టేపు తీశాడు. "చేతులెత్తు."