ఒక ఇంట్లో రెండు పేర్లు

సకల జనుల సమ్మె రోజులు. మహబూబాబాద్‌లో కిరాణా వ్యాపారి వీరేశం ఇల్లు. కింది గదిలో కూతురు దీప కంప్యూటర్ ముందు కూర్చుంది. వీరేశం గుమ్మం దగ్గర ఉన్నాడు. అతని తల్లి సరస్వతమ్మ ఆ కుర్చీ పట్టుకొని నిలబడింది. ఆమె ప్రాణమంతా లాకప్పులో ఉన్న మనుమడు శ్రీధర్ మీదే.

“మల్ల అదే అంటుంది బాపమ్మా. మీది గదిల కంప్యూటర్ దొరుకుతలేదట.”

“దొరకకపోవుడేంది బిడ్డా? మన నెత్తి మీదనే ఉండె. వైరు మెట్లెంబడి దిగి రానే వచ్చె!”

“వైరుంటే సాలదు. రెండూ ఒకదాన్నొకటి గుర్తువట్టాలె. వీడియో మీది దాంట్ల ఉంది, సీడీ ఎక్కేది దీంట్ల.”

“పెన్‌డ్రైవ్ల ఎయ్యరాదు?”

“మీదిదానికి అది ఎక్కుతలేదు.”

“జల్ది తల్లీ. బస్సుల్లేవని మన దుకాణంల పనిచేసే భోజ్యా సీడీ తీస్కపోను బండేసుకొని వాకిట్ల నిలవడ్డడు. వకీలు జనగామల ఎదురుచూస్తుండు. భూపాలపల్లిల బొగ్గు తవ్వుడు బందైంది, కరెంటు ఎప్పుడు పోతదో!”

“పోనియ్యి అమ్మా. వీడియో లేకున్నా వకీలు సూసుకుంటడు.”

“ఏం సూసుకుంటడు వీరేశం? స్టేషన్ కాడ జీపు కాలవెట్టిండని పోరణ్ని పట్టుకపోయిరి. గప్పుడు ఇంట్లనే ఉన్నడంటే, ఇంటోళ్ల మాట చెల్లదని వకీలనె. ఆ నాడే దీపను ఖాయం చేసుకున్న పూలుపండ్ల వీడియోల వాడు కనవడితేనే బెయిలు. నీకేంది, గంత చెమట?”

“ఉబ్బరగుంది.”

“బాపూ, దీంట్ల గ్రూపు పేరు ఏపీ అనుంది. పైన టీజీ. అన్న రెండింట్ల టీజీయే పెట్టిండు గద?”

“ఏమో.”

“ఏమో ఏంది? ఎవరు మార్చిండ్రు?”

“నేనే మార్పిచ్చిన. నీ పూలుపండ్ల నాడే. స్కూటర్ ప్లేటు మీద ఏపీ కొట్టేసి టీజీ రాసిండు, కంప్యూటర్ల గూడ రాసిండు. కోపమొచ్చింది.”

“పేర్లు కలువకుంటే కనవడయి బాపూ!”

“ఒక్కింట్ల రెండు రాష్ట్రాలు చేస్తివి గద కొడుకా!”

“టీజీ కొట్టాల్నా బాపూ?”

“కొట్టు.”

“కంప్యూటర్ బంద్ చేసి మల్ల చాలు చెయ్యమంటుంది.”

“గిప్పుడా? దేవుడా, సింగరేణి పిల్లలు సమ్మె చెయ్యనియ్యి, నేను కాదంటలేను. జరసేపు కరెంటు ఉండనియ్యి, జరసేపే!”

“వచ్చింది బాపమ్మా! మీది కంప్యూటర్ కనవడ్డది! వీడియో వస్తుంది… సగమైంది… అయిపోయింది! మంచిగొచ్చిందో లేదో సూస్త.”

“సూడకు దీపా!”

“ఎందుకు బాపూ? …అయ్యో. అన్నను కొడుతున్నవ్. పెండ్లివారందరి ముంగట! నేను లోపట చీర కట్టుకుంటున్నప్పుడా?”

“బంద్ చెయ్యి. ఇది కోర్టుల సూస్తే నా ఇజ్జత్…”

“బంద్ చెయ్యకు బిడ్డా. పోరని ఎనక గోడకు గడియారముంది. టైమెంత?”

“పదకొండున్నర… బాపమ్మా, జీపు కాలింది గప్పుడే!”

“అమ్మా… నీకు ముందే ఎర్కనా?”

“ఎర్కే కొడుకా, గందుకే ఈ వీడియోనే కావాలన్న. నువ్వు కొట్టిన దెబ్బే వాణ్ని ఇంటికి తెస్తది.”