నూలు పున్నమి నుంచి నూలు పున్నమిదాకా

హలో… హలో… ఆ, నేనే. సావిత్రినే.

…జర గట్టిగ మాట్లాడు. బయట నూలు మూటలు దించుతున్నరు, ఏం వినొస్తలేదు. … ఆ, ఇప్పుడు వినొస్తుంది.

నర్సప్ప సావుకారు మనిషిని పంపిండు, "బొంబాయి నుంచి మీ ఇంటాయన మాట్లాడుతడట, జల్ది రా" అని. బీడీల చాట గట్లనే ఇడిసిపెట్టి వచ్చిన. చేతులకు తంబాకు గూడ కడుక్కోలే.

…అందరం మంచిగున్నం. యశోద మంచిగుంది. అత్త మంచిగుంది. … లేదు, ఎవ్వరికేం కాలే. నీ మీదొట్టు.

…రైలు తప్పిపోలే.

…కాదు. ఎక్కలే. నేనే ఎక్కలే.

…హలో? ఉన్నవా?

ఎంతసేపు నిలవడ్డవు బోరీబందర్ టేసన్ల? … అయ్యో. ఇంకో గాడీ వచ్చేదాంకనా? … ఆడోళ్ల డబ్బలకు గూడ తొంగి చూసినవా! ఎవ్వరన్న తిట్టలేదా మరి? … తిట్టిండ్రా. నేను చేసిన పనికి నువ్వు తిట్లు తిన్నవు.

…డ్యూటీ మాని వచ్చినవా. అయ్యో, యశోద బాపూ… తప్పయింది. … తప్పయిందనే అంటున్న గద.

ఈడ సోలాపూర్ టేసన్‌దాంక పోయినం. నేను, యశోద. టాంగల పెట్టె, బొంత, అన్ని ఏసుకొనే పోయినం. అత్త రొట్టెలు కట్టిచ్చింది. టికెట్టు కిటికీ కాడ నా వంతు వచ్చింది. బాబు "ఎక్కడికి?" అన్నడు. నాకు నోరు రాలే. ఎన్కున్నోళ్లు నూకుతున్నరు… పక్కకు జరిగిన. అంతే. గాడీ పోయేదాంక ఆన్నే కూసొని మల్ల ఇంటికొచ్చినం. యశోద దారంత ఏడ్చింది, బాపు కాడికి పోతమంటివి గద అని.

…ఎందుకంటె… నవ్వకు. నవ్వనంటెనే చెప్త.

మొన్న నూలు పున్నమికి నాకు ఇరవై తొమ్మిది నిండినయి. … ఎట్ల తెల్వకుంట? మా అవ్వ ఎప్పటికీ అంటుండె గద, ఊర్ల ఇంగ్లీషోళ్ల మార్షల్ లా నడిచిన సాల్ల, నూలు పున్నమినాడు పుట్టినవని. మొగోళ్లు కొత్త జందాలు ఏసుకుంటుంటె నేను కేరుకుంట వచ్చిన్నట. ఆ లెక్క సుందరాబాయి కట్టి చెప్పింది.

…సుందరాబాయంటె… జోడ్‌భావి పేట్‌ల సాయంత్రం ఆడోళ్లకు బడి చెప్తది గద, ఆమె. … ఆ. పోతున్న. హోళీ కాంచి పోతున్న. నీకు చెప్పలే. అది గూడ తప్పే.

ఆమె ఒక్కొక్కలను లేపి అడిగింది, "మల్ల పున్నమి వచ్చేలోపల నీకోసమని ఏం చేసుకుంటవు?" అని. పిల్లల కోసం కాదు, మొగని కోసం కాదు, నీకోసమట. ఒకామె పండరికి పోయొస్తనన్నది. ఇంకొకామె ఒక్కనాడన్న పొద్దెక్కేదాంక పంటనన్నది. అందరం నవ్వినం. నా వంతు వచ్చింది. ముప్పై నిండేలోపల నాలుగో తరగతి పరీక్ష పాసయిత అన్న. నవ్వుకుంటనే అన్న. ఇంటికొచ్చినంక గూడ ఆ మాట నన్ను ఇడుస్తలేదు.

…ఇంకేమన్ననా? … సిగ్గయితది. … సైకిల్ నేర్చుకుంటనన్న. … నవ్వద్దంటి గద! … చీర మీదనే. ఏం, దవాఖాన నర్సు పార్వతీబాయి నేర్వలేదా?

…చదువుకొని ఏం చేస్తవంటె నాకు తెల్వది. చదువుతుంటె మంచిగనిపిస్తది. గంతే.

…బొంబాయిల గూడ బడులుంటయి, ఎరుకే. కని నువ్వు ఏమని చెప్పి పంపినవు? "ఒక్క అర్ర ఖోలిల మేం అయిదుగురం ఉన్నం, నడుమ పరదా కడ్తం, నువ్వొచ్చి వండిపెడితె అందరికి ఖానావళి కూడు తినే బాధ తప్పుతది" అంటివి. ఒక్కొక్కలది ఒక్కో డ్యూటీ. ఒకలు తిని పంటె ఒకలు లేస్తరు. నేను పొయ్యి కాడికెల్లి ఎప్పుడు లేవాలె?

…కడుపునొప్పి తగ్గిందా నీకు? … తగ్గలేదా. ఆ ఖానావళి నూనె నీకు పడ్తలేదు. అది యాదికొస్తె పలక మీది అక్షరాలు మసక మసకయితయి నాకు. అయినా బడికి పోతున్న చూడు. గంత పాపిష్టిదాన్ని.

…తిట్టు. నాలుగు తిడితె నాకు జర నిమ్మలమైతది. … ఎందుకు తిడ్తలేవు?

…నడుమల ఎవరో మాట్లాడుతున్నరు. టైమయిందట. … ఇంకో ట్రంకాలు పైసలు కడ్తవా? ఎందుకు… సరే. చెప్పు.

…ఏందీ? … మిల్లు ఇడిసిపెడ్తవా? … నువ్వే వస్తవా? సోలాపూర్‌కు?

…ఆ, ఉన్న. వింటున్న.

…సంతోషమే. ఎందుకుండదు…

వద్దు.

…వద్దంటున్న. నువ్వు రాకు.

…నీ మీద పాయిరం లేక కాదు! ఒక్కసారి నా మాట విను. నువ్వొస్తె బందయిన మగ్గం మల్ల నడుస్తది. నువ్వు గుంతల కాళ్లు పెట్టి నేస్తుంటె కండెలెవరు చుట్టాలె? … అత్తకు చూపు ఆనుతలేదు. … యశోదనా? యశోదను బడి మాన్పిస్తవా? … మరి నేనే గద. పోగుల నడుమ నీ నాడె ఉరికినంతసేపు నా రాట్నం తిరగాలె. పోగులు అతుకుడు నేనే, గంజి పెట్టుడు నేనే. ఇన్నేండ్లు చేసిన. ఎన్నడన్న అడ్డం చెప్పిన్నా?

నువ్వు బొంబాయి పోయినంక మగ్గం బందయింది. బీడీలు నా ఒక్కదాని పని. ఆకు అయిపోతె లేస్త. సాయంత్రం నాది. నువ్వు లేవు గన్క నాది.

…అనొద్దుండె. నోట్లెకెల్లి వచ్చింది.

నువ్వు పోయిననాడు మస్తు ఏడ్చిన, అత్తనడుగు. కొన్ని దినాలకు ఒక సాయంత్రం చూసుకుంటె చేతులు ఖాళీగున్నయి. మంచిగనిపిచ్చింది. అట్ల మంచిగనిపిచ్చినందుకు మల్ల ఏడ్చిన. ఇది ఎవ్వరికి చెప్పుకోవాలె నేను? నీకు గాక?

…ఒక్క యేడు. వచ్చే నూలు పున్నమిదాంక.

…అప్పుడన్న వస్తవా అంటె…

…వస్తనని చెప్పుడు సులువే. మొన్న గూడ వస్తననే చెప్పి పంపిన. నువ్వు పోయి నిలవడ్డవు. మల్ల గట్ల నిలవెట్టలేను నిన్ను. … తెల్వది. నిజం చెప్తున్న, తెల్వది.

…హలో?

…యశోద బాపూ, పెట్టకు. జర పెట్టకు. రాత్రిపూట వాము నమిలి ఏడినీళ్లు తాగు, కడుపుకు—

హలో?

…లేదు సావుకారు, లైను పోలే. ఆయనే పెట్టేసిండు.

…ఆ. మంచిగనే ఉన్నడు.

…సావుకారు, ఒక్క మాట. మల్ల బొంబాయి నుంచి ఫోనొస్తె నన్ను పిలువుండ్రి. … సాయంత్రమైతె ఇంట్ల ఉండ, జోడ్‌భావి పేట్‌ల బడిల ఉంట. మనిషిని బడికే పంపుండ్రి. … పాఠం నడుస్తున్నా సరే, పిలువుండ్రి.