పగిలిన ముక్క పట్టుకుని లోపలికెళ్లేవాడు

నా ఈ పదవీ విరమణ సభకు అధ్యక్షత వహించిన పాస్టరు గారికి, యజమాని గారికి, కొలిమి దగ్గర నాతో పాటు వేగిన మిత్రులకు, నా ప్రసంగం కంటే తర్వాత వచ్చే భోజనం కోసమే ఓపికగా కూర్చున్న పెద్దలకు నమస్కారాలు. (నవ్వులు) అధ్యక్షులు నాకు స్వయానా అన్నయ్య. వయసులో ఉన్నప్పుడు ఆయన నాకొక మాటిచ్చి తప్పాడు. బహుమతి గడియారం చేతికి పెట్టేశారు, ఇక వెనక్కి తీసుకోలేరన్న ధైర్యంతో చెబుతున్నాను.

మా నాన్న చర్చిలో పాటలు నడిపించేవారు. ఒక ఆదివారం ఆయన శ్రుతి తప్పారని అందరి ముందూ అన్నాను. తప్పారు కూడా. (నవ్వులు) ఇంట్లోంచి పొమ్మన్నారు. ఆ సాయంత్రం అన్నయ్య నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, "నువ్విక్కడే ఉండరా, నాన్నతో మాట్లాడి నిన్ను లోపలికి పిలుస్తాను" అన్నాడు. వెళ్లాడు. కాసేపటికి కంచాల చప్పుడు వినిపించింది. నన్నెవరూ పిలవలేదు. నాన్న మొహం చూసి అన్నయ్య నోరెత్తకుండా భోంచేసి లేచాడని తర్వాత మా చెల్లెలు చెప్పింది. ఆ మెట్ల మీంచి లేచి నేను వచ్చింది ఈ గాజు కార్ఖానాకే. నాన్నను మళ్లీ చూడలేదు.

ఇక్కడి పద్ధతి మీకు తెలుసు. సరుకు పగిలితే పగలగొట్టినవాడు గుమ్మం బయటే ఉంటాడు. ఇంకొకడు ఆ ముక్క పట్టుకుని యజమాని గదిలోకి వెళ్తాడు. ఎవరి పనని అడిగినా చెప్పడు, తిట్లన్నీ తనే తింటాడు. దానికి జీతం లేదు, పోటీ అంతకన్నా లేదు, కాబట్టి ఎప్పుడూ నేనే వెళ్లేవాణ్ణి. పెద్ద యజమాని గారైతే కార్ఖానాలో పగిలిన గాజంతా నా ప్రతాపమేననుకుంటూ కన్నుమూశారు. (నవ్వులు) ఇందాక నన్ను తెగ పొగిడిన సూపర్‌వైజరు గారి ముక్కలూ మోశాను. కంగారు పడకండి సార్, ఏవో చెప్పను.

దేవుడికీ పాపికీ మధ్య క్రీస్తు నిలిచాడని అన్నయ్య ప్రతి ఆదివారం బోధిస్తాడు. బాగా బోధిస్తాడు. ఆ సంగతి మీద లావుపాటి పుస్తకాలు నేనూ చాలానే చదివాను. కబురు చేరవేసినంత మాత్రాన ఎవడూ మధ్యవర్తి అయిపోడు. అవతలివాడి తప్పు తన చేతిలో పట్టుకుని లోపలికి వెళ్లాలి, దెబ్బ తినాలి. నాకు తెలిసింది ఇంతే.

నిన్న వదిన మా ఇంటికి వచ్చింది. అన్నయ్య ఏడని అడిగితే వీధి చివర నిలబడ్డాడట. "మీ అన్నయ్యకు నీ ఇంటి గడప తొక్కాలంటే భయం నాయనా. అనాల్సినవన్నీ నన్ను అను, వింటాను. ఆయన్ను మాత్రం లోపలికి పిలు" అంది. మూతి బిగించుకుని కూర్చున్నాను. కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

(వదిన కూర్చున్న వైపు తిరిగి) వదినా, ఇప్పుడు చెబుతున్నాను, మీ మాట కాదనలేను. అన్నయ్యా, సభ అయ్యాక ఇంటికి రా. ఆనాడు నువ్వూ కుర్రాడివే, నాన్నంటే నాకెంత భయమో నీకూ అంతే.

వచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నేను పూర్తిగా మంచివాణ్ణయిపోయానని మాత్రం అనుకోకండి. అన్నయ్య బోధలో మధ్యవర్తిని పంపింది తండ్రే. మా తండ్రి ఎవరినీ పంపలేదు. ఆ సాయంత్రం కిటికీ తెర కొంచెం తొలగింది. మెట్ల మీద ఉన్న నన్ను చూశారు. మళ్లీ తెర వేసేశారు. ఇప్పటికీ నేను తప్పుపట్టేది ఆయన్నే, మా నాన్ననే.

సెలవు.