యోర్దానులో ఓడలు నడిపినవాడు

ఒడెస్సా రేవు, 1912 వసంతకాలం. యెరూషలేముకి దగ్గరి రేవైన యాఫా వెళ్ళే ఓడ మెట్ల దగ్గర, బెర్దిచేవ్ నుంచి వచ్చిన యూదు తండ్రీ కొడుకూ.

"అన్నీ పెట్టుకున్నావా నాన్నా? ప్రార్థన శాలువా, కళ్ళజోడు, ఎండుచేపలు..."

"అన్నీ వచ్చాయి. నువ్వొక్కడివే రావట్లేదు."

"మళ్ళీ మొదలెట్టావా?"

"ఆపిందెప్పుడు? రైల్లో నిద్రపోతున్నావు గనక ఊరుకున్నా."

"నిద్రపోలేదు, నటించాను."

"తెలుసురా. గురక కుదర్లేదు. ఉపన్యాసం దంచినట్టు గురక పెట్టలేవు నువ్వు."

"అవునుగానీ, ఆ చంకలో కుండేమిటి? ఓడలో వంటవాళ్ళుండరా?"

"ఉంటారు. వాళ్ళు వండింది మన మతంవాళ్ళం తినకూడదు. నీకెక్కడ గుర్తుంటుందిలే, సీయోను సంఘం కార్యదర్శివి! దేశం గుర్తు పెట్టుకుని వంటిల్లు మర్చిపోయావు."

"తిట్టు, తిట్టు. ఇవాళ నీ రోజు. బెర్దిచేవ్ బజారంతా ఇదే మాట. 'మన తాతల దేశం సీయోనుకి పదండి పదండి అని ఇరవై ఏళ్ళు గొంతు చించుకుంది కొడుకు, ఓడెక్కేది తండ్రి' అని. మీ కోడలైతే ఇంకో మాటంది."

"గ్నేస్యా ఏమంది?"

"'మీ మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు' అంది. వెంటనే రాసిపెట్టుకున్నా."

"రాసుకోడమెందుకురా?"

"వచ్చే ఉపన్యాసంలో వాడదామని."

"సిగ్గులేదూ నీకు?"

"ఉండేది. బాసెల్‌లో మా సీయోను మహాసభలో వదిలేసొచ్చా."

"ఏది, ఆ ఏడుపు సభలోనా?"

"ఏడుపు సభ అనకు నాన్నా! ఇంగ్లీషువాళ్ళు 'ఆఫ్రికాలో కాస్త చోటిస్తాం, అక్కడుండండి' అన్నారు. సభలో ఎక్కువమంది సరే, చూసొద్దాం అన్నారు. రష్యా నుంచి పోయినవాళ్ళం లేచి బయటికొచ్చేశాం. యెరూషలేములో మన దేవాలయం కూలిన రోజుకి ఏటా ఏడ్చినట్టు నేల మీద కూచుని ఏడ్చాం. ఇంతింత గడ్డాలవాళ్ళు! నా పక్కన ఒక డాక్టరుగారు, పాపం, ఆయన చేతిరుమాలంతా నేనే తడిపేశా."

"ఆఫ్రికా వద్దని ఏడ్చావు. సరే. సీయోనుకీ పోలేదు. మరి ఏడ్చింది దేనికిరా, బెర్దిచేవ్ కోసమా?"

"ఆ మాట అప్పుడు ఎవరూ అడగలేదు నాన్నా. రాజకీయాల్లో ఉన్న సుఖమే అది."

"మీ రాజకీయాలు నాకు తెలీవు. మా గురువు, రబ్బీగారు, ఒకటే చెప్పేవారు. దేవుడు పంపే మెస్సీయ వచ్చి తీసుకెళ్ళాలి గానీ మనంతట మనం గుంపు కట్టుకుని పోయి ఆ దేశం మీద పడకూడదు, అది దేవుడి పనిలో వేలు పెట్టడం అని."

"ఆ మాట పట్టుకునే కదా నన్ను మూడేళ్ళు పండక్కి కూడా ఇంటికి రానివ్వలేదు? మరి ఇప్పుడు నువ్వు పోతున్నావేం? మెస్సీయ తంతి కొట్టాడా?"

"నేను గుంపు కట్టుకుని పోవట్లేదు. బతకడానికీ పోవట్లేదు. ముసలాళ్ళు అక్కడికెళ్ళి చావడం మా తాతల నాటి నుంచీ ఉంది. దానికి సంఘం అక్కర్లేదు, చందా అక్కర్లేదు."

"చావు గురించి అలా పెళ్ళికి పోతున్నట్టు చెప్పకు. నాకు ఎలాగో ఉంటుంది."

"అది సరేగానీ, సీయోను మీద నువ్వు రాసే పద్యాలు విని కొందరు నిజంగానే పోయారుగా? ఆ దర్జీ హెనెఖ్ కొడుకు..."

"పోయాడు. చిత్తడి నేలలు తవ్వి తవ్వి మలేరియా తెచ్చుకున్నాడు. వాడి దగ్గర్నుంచి మొన్న కబురొచ్చింది."

"ఏమని?"

"'అయ్యా, మీ పద్యంలో యోర్దాను నది మీద తెరచాప ఓడలు బారులు తీరి ఉన్నాయి. నేను నిన్న ఆ నది దాటాను. మోకాళ్ళు తడిశాయి. ఓడలు ఎక్కడ కట్టేశారో చెబితే వెతుక్కుంటాను' అని."

"హ్హహ్హ! మరేం చేశావు?"

"రెండో ముద్రణలో ఓడలు తీసేసి పడవలు పెట్టాను."

"చూడని నది గురించి రాయడమెందుకురా? వెళ్ళి చూసి రాయి!"

"చూస్తే రాయలేనేమో నాన్నా. ఇక్కణ్ణించి అయితే అక్కడ ప్రతి రాయీ పాడుతుంది. అక్కడికి పోతే ఆ రాళ్ళు ఏరి గట్టున పడెయ్యాలి. నాకసలే నడుంనొప్పి."

"నడుంనొప్పి నాది."

"మనింటిదే కదా. వారసత్వం."

"నవ్వించకు. నేనొకటి అడగాలి."

"అడక్కు."

"రెండు టిక్కెట్లు తీసుకున్నానురా."

"రెండెందుకు? కుండకొకటా?"

"నీకొకటి. కోడలితో చెప్పే తీసుకున్నా. 'తీసుకెళ్ళండి మామయ్యా, ఆయన ముందెళ్ళి ఒక ఇల్లు చూస్తే పిల్లల్ని తీసుకుని నేనొస్తా' అంది. నీ బట్టల మూట, పాస్‌పోర్టు, ఇదుగో, నా పెట్టె వెనకే ఉన్నాయి."

"గ్నేస్యా అందా? మరి నాతో ఒక్క మాటైనా..."

"నీతో అంటే ఉపన్యాసం అవుతుందని."

"నాన్నా, నా మాట విను. వచ్చే నెల సంఘం ఎన్నికలు. ఇప్పుడు నేను పోతే..."

"పోతే?"

"అందర్నీ పొమ్మని చెప్పేవాడెవడు?"

"ఫైవిష్, వేళాకోళం చాలు. నాకు భయంగా ఉందిరా. మీ అమ్మ లేదు. అక్కడ నా ముఖం తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఆ పరాయి గదిలో పోయేటప్పుడు నా కళ్ళు మూసేది, నా కోసం ప్రార్థన చెప్పేది నా కొడుకైతే బాగుండునని ఉంది. కార్యదర్శి అక్కర్లేదు నాకు. కొడుకు చాలు."





"నాకూ భయమే నాన్నా. నీకంటే ఎక్కువ. నీకు అక్కడ చావడం ఒక్కటే పని. నేను బతకాలి."

"అయితే ఎక్కు. ఇద్దరం కలిసి భయపడదాం."

"వస్తాను. రానని ఎవరన్నారు? చిన్నదాని చదువు ఒక దారికి రానీ. సంఘాన్ని ఎవరో ఒకరి చేతిలో పెట్టనీ. వచ్చే ఏడాది, ఒట్టు. వచ్చే ఏడాది యెరూషలేములో కలుద్దాం."

"ఏమన్నావు?"

"వచ్చే ఏడాది... ఏంటి, అలా చూస్తున్నావు?"

"పస్కా పండగ భోజనం అయ్యాక ఏటా మేం అనే మాటరా అది. మా నాన్న అన్నాడు, ఆయన నాన్న అన్నాడు. పదహారేళ్ళప్పుడు నువ్వు బల్ల దగ్గర లేచి నిలబడి, 'ఏటా ఆ మాట అనేసి చేతులు కడుక్కుని పడుకుంటారు, సిగ్గెయ్యదా మీకు?' అని చుట్టాలందరి ముందూ నన్నడిగావు. చెంప మీద కొట్టాను. కొట్టి, ఆ రాత్రంతా మేలుకునే ఉన్నా. అడిగింది నిజమే కదా అనిపించి."

"ఆ దెబ్బ గుర్తుంది. నువ్వు మేలుకునున్నావని తెలీదు."

"అదుగో, ఓడ కూత పెట్టింది. పెట్టె ఇలా ఇయ్యి. నీ మూట నువ్వు తీసుకో."

"మెట్ల పైదాకా నేను మోసుకొస్తాను నాన్నా."

"వద్దు. పైదాకా వస్తే నువ్వు దిగిపోడం నేను చూడాలి. ఆగు, ఇది పట్టుకో."

"ఏంటీ సంచి, ఇంత బరువు? ఇది... ఇది నీ మట్టి కదూ? చచ్చాక తల కింద పోయించుకోవాలని యెరూషలేము నుంచి తెప్పించి, అమ్మని కూడా ముట్టుకోనివ్వకుండా దాచుకున్న మట్టి! చూసుకోకుండా నా చేతికిస్తున్నావు, పెట్టెలో పెట్టుకో."

"చూసుకునే ఇస్తున్నానురా. అక్కడికి పోలేనివాళ్ళకి కదా ఆ మట్టి. నేను పోతున్నాగా, నువ్వుంచుకో."