ఘాటులో పంచరని చెప్పినా

"తాతా, యా బండెక్కాలన్నా ముందర చక్రం పట్టుకోని ఊపి చూస్తావు. నిన్న పెండ్లికొడుకు కారును గూడా ఊపితివి, అందరూ నవ్విరి. ఎందుకట్ల?"

నవ్వనీలే పాపా. నవ్వినోళ్ళు ఎవురూ నాతో కొండదారిలో ఘాటు దిగలే. నువ్వు దిగినావు. నీకు గుర్తుండదు, అప్పటికి నీకు మూడేండ్లో... కాదు కాదు, నాలుగు నిండి ఐదు నడుస్తాండాది. మీ అమ్మ ఒళ్ళో నిద్రపోయినావు. ఆ పొద్దు నిన్నూ మీ అమ్మనూ లోయలో పారేసి ఉండేవాణ్ణి నేను. వట్టిమాట కాదు. మీ అమ్మకు గూడా తెలీదు ఇది. పదమూడేండ్లాయ, దానికి చెప్పలే.

ఆ జీపు నీకు ఫోటోలో తెలుసు గదా. నాలుగు చక్రాలకూ గేరు పడే పాత జీపు. మంగంపేటలో ముగ్గురాయి గనుల కాడ ఇరవై రెండేండ్లు నేను తోలిన బండే అది. నేను చేరినప్పుడు డీజిలు లీటరు మూడు రూపాయలు. మూడా, మూడున్నరా... ఎంతోలే. కాంట్రాక్టరు కొత్త బండ్లు తెచ్చుకోని దాన్ని మూలన పడేస్తే, నాకియ్యప్పా అని అడిగి తెచ్చుకున్యా. గనిలో దారి యాడుంటాది? అన్నీ రాళ్ళు, గుంతలు. ఆ దెబ్బలన్నీ తినింది ముందర చక్రాలే.

నీకెట్ల చెప్పాల... ముందర చక్రాలు రెండిటినీ కలిపి అడ్డంగా ఒగ కడ్డీ ఉంటాది, టై రాడ్డంటారు. దాని రెండు కొసలకూ గుండు మాదిరి కీలు. దాన్ని ఎండు అంటారు. మన భుజం కీలు లేదా, గుంతలో గుండు కూర్చోని తిరుగుతాది గదా, అట్లనే. స్టీరింగు తిప్పితే ఆ కీళ్ళు పట్టుకోనుంటేనే రెండు చక్రాలూ ఒగే దిక్కు తిరిగేది. కీలు ఊడిందనుకో, ఒగ చక్రం నీ మాట వింటాది, ఇంగోటి వినదు.

దసరాకు నెల ముందర్నుంచీ బండి చెప్తానే ఉండాది. నలభై దాటితే స్టీరింగు చేతిలో వణికేది. గుంతలో దిగితే కింద టక్కుమనేది. మస్తానుకు చెప్పినా. మస్తానంటే కడపలో మెకానిక్కు, మాది ముప్పై ఏండ్ల స్నేహం. మీ అమ్మ పెండ్లిలో వడ్డనంతా ఆయనే నిలబడి చూసినాడు, మీ అవ్వ చేసే బొరుగుల ఉగ్గాని కోసరం ఆదివారం వచ్చి కూర్చునేవాడు. సరే, అది యాడికో పోతాండా. ఆయనేమన్న్యాడంటే, "ఓబులేసూ, అది కింద కీలు సంగతి. ఒగ దినం వదులు బండిని" అన్న్యాడు. "పండగ పోనీ భాయ్" అన్న్యా నేను.

అంతటితో ఊరుకున్నా బాగుండు. స్టీరింగు బాక్సు మీద ఒగ స్క్రూ ఉంటాది. దాన్ని బిగించినా. చేతికి గట్టిగా తగిలింది, వణుకు తగ్గింది. నయమైందనుకున్యా. యాడ నయమైంది? కింద అరిగింది అరిగినట్లే ఉండాది. నా చేతికి తెలీకుండా చేసుకున్యా, అంతే.

ఇంగ పండగ. ఆయుధపూజంటే మాకు చిన్న పండగ కాదు పాపా. ముందు దినం బండిని కడిగి, కింద దూరి, ఇరుసుకూ కడ్డీకీ ఎండ్లకూ అన్నిటికీ నల్ల పెయింటు కొట్టినా. కొత్త బండి మాదిరి నిగనిగలాడిపాయ. పండగ పొద్దున పానాలు, జాకీ, సుత్తి అంతా దేవుని ముందర పరిచి బొట్లు పెట్టినాం. పూజలో పెట్టిన పనిముట్టు మర్నాడు పొద్దున దాకా ముట్టుకోకూడదు. మా ఇండ్లలో అట్ల. బండికి గుమ్మడికాయ కొట్టినాక మీ అవ్వ, "పో, సుజాతనూ పిల్లనూ పిల్చకరాపో" అన్న్యాది. మీ నాయనోళ్ళ ఊరు రాయచోటి పక్కన గదా. పోయినా. జాకీ లే, పానా లే, బండికి పూలదండేసుకోని పోయినా.

గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ఏం తెలీలే. ఎక్కేటప్పుడు వేగం యాడొస్తాది? వచ్చేటప్పుడు మధ్యాన్నం మూడైంటాది. మీ అమ్మ ముందర సీట్లో, నువ్వు ఒళ్ళో. నీ తల నా మోచేతికి తగుల్తాండాది. ఎడమ పక్క గుట్ట, కుడి పక్క లోయ. దిగుతాండాం. ఒగ మోరీ కాడ, రోడ్డు కింద నీళ్ళు పోయే తూము లేదా, ఆడ రోడ్డు కుంగి ఉండాది. దాంట్లో పడి లేచింది బండి.

అంతే పాపా. స్టీరింగు నా చేతిలోనించి పెరుక్కునింది. ఈ పక్కకు, ఆ పక్కకు, ఈ పక్కకు, లెక్క లే. బొటనవేలు లోపల పెట్టి పట్టుకున్యా, స్టీరింగు చువ్వ తగిలి వేలు మడతబడింది. ఇదో చూడు, ఇప్పటికీ వంగదు. బండి ముందర భాగం అంతా జ్వరమొచ్చిన మనిషి మాదిరి ఊగుతాండాది. కింద నించి లారీ ఎక్కి వస్తాండాది. నేను కుడికి పోతాండా. తిప్పలే నేను, అదే పోతాండాది. బ్రేకు గట్టిగా తొక్కితే తిరగబడతాదని తెలుసు. కాలేమో తొక్కమంటాండాది. ఆపుకున్యా. రెండో గేరుకు దించినా, వదిలి వదిలి నొక్కినా. లారీవాడు హారను కొట్టి పక్కకు పోయినాడు. ఆ ఊపులో ఒగసారి ముందరి చక్రాలు ఎడమకు వచ్చినాయి. అదే పట్టు పట్టి గుట్ట పక్క కాలవలోకి తోసినా. మడ్గార్డు రాతికి రాసుకోని, గీసుకోని, నిలబడె.

నువ్వు లేవలే. అంత జరిగినా లేవలే.

మీ అమ్మ, "ఏమైంది నాయనా? బండిని గుట్టకు తోస్తివే?" అన్న్యాది.

"పంచర్ మ్మా" అన్న్యా.

"టైరు నిండుగానే ఉండాదే!"

"కాలవలో దిగింది చూడు, అది. నీకు కనపడదు. దిగు, ఎండలో ఎందుకు, బస్సొస్తాది పోండి. నేను మార్చుకోని వస్తా."

మార్చేదానికి నాకాడ ఏముండాది? కడప బస్సు ఆపి ఎక్కించినా. అప్పుడు లేచినావు నువ్వు. కిటికీలోంచి జీపుకు టాటా చెప్పినావు. బస్సు మలుపు తిరిగినాక రోడ్డు మీద కూలబడినా పాపా.

ఒగ లారీ ఆపి పానా అడిగినా. వాని లారీకీ అరటిపిలకలు, దండలు. "ఏమప్పా, ఈ పొద్దు పానా ఎవురు ముట్టుకుంటారు? నీకు తెలీదా?" అన్న్యాడు. నాకెందుకు తెలీదు! నేనూ అదే మాట పది మందికి చెప్పింటా. ఇంగ మస్తానుకు ఫోను చేసినా. ఆయన షెడ్డులో పనోళ్ళంతా మనోళ్ళే, పనిముట్లకు పూజ చేస్తారు, ఆ దినం ఆయన గూడా పానా ముట్టడు. వచ్చినాడు. స్కూటరు మీద పెట్టె, పెట్టె మీద కుంకుమ. కండ్లకద్దుకోని తెరిచినాడు.

కింద దూరి గోరుతో పెయింటు గీకినాడు. లోపల ఎండు మీది రబ్బరు తొడుగు ఎప్పుడో చీలిపోయింది. గ్రీజు సుక్క లే, అంతా గనిలోని తెల్ల దుమ్ము. పట్టుకోని కిందికి గుంజినాడు. గుండు ఊడి చేతికొచ్చింది. పానా అక్కర్లే, జాకీ అక్కర్లే, వట్టి చేతికొచ్చింది పాపా.

"ఎవురు కొట్టినారప్పా ఈ పెయింటు?" అన్న్యాడు.

"నేనే భాయ్."

"బాగా కొట్టినావు. పీనుగకు పౌడరు పూసినట్ల."

పెయింటు కొట్టేటప్పుడు చీలిక నా కంటికి కనపడింది. బ్రష్షు దాని మీదనే తిప్పినా. పండగ పూట నల్లగా ఉండాలని. ఇది మస్తానుకు గూడా చెప్పలే.

తెచ్చిన కొత్త ఎండు ఆడనే వేసినాడు, నడిచినట్ల నడిపించి షెడ్డు చేర్చినాం. మర్నాడు జాకీ మీదికెత్తి, "నువ్వే చూడు" అని నాతోనే చూపించినాడు. చక్రం పైనా కిందా పట్టుకోని ఊపు. ఊగిందా? ఒగరిని బ్రేకు తొక్కమను. అప్పుడు ఆగితే చక్రం బేరింగు, తొక్కినా ఊగితే కింగ్ పిన్ను, చక్రం పక్కకు తిరిగేదానికి ఆధారంగా ఉండే మేకు అది. కుడీ ఎడమా పట్టుకోని ఊపితే ఎండ్ల సంగతి తెలుస్తాది. కమాను పట్టీల కొసల్లో గడ్డపార పెట్టి లేపితే ఆడుండే బుష్షులు అరిగింది తెలుస్తాది. మాదాంట్లో అన్నీ ఊగినాయి. నాలుగు దినాలు పట్టింది అన్నీ మార్చి, దారం కట్టి చక్రాలు సరిచేసేదానికి. ఆఖర్న స్టీరింగు బాక్సు స్క్రూ వెనక్కి తిప్పి, "దీన్ని ఇంగెప్పుడూ ముట్టుకోగాకు" అన్న్యాడు.

బండి బాగైంది. నేనే బాగుపళ్ళే. ఇంగ మూడేండ్లు తోలినా, మిమ్మల్ని మాత్రం ఒగ్గసారి ఎక్కించుకోలే. రాయచోటికి పోదామంటే బస్సులో పొమ్మంటి. ఒంటిమిట్ట కల్యాణానికి పక్కింటోళ్ళను ఎక్కించుకోని పోయినా, మీ అమ్మ వాకిట్లో నిలబడి చూస్తాండాది. "పెండ్లి చేసి పంపిస్తివి, బండికి గూడా పనికిరాకుండా పోతినా నాయనా" అన్న్యాది. ఇప్పటికీ దాని మనసులో అదే ఉండాది. కూతురంటే బరువనుకున్యానని. నీ తల నా మోచేతికి తగిలిండేది గుర్తొస్తే చెయ్యి ఆడదని దానికెట్ల చెప్పేది? చెప్తే చీలిక సంగతి గూడా చెప్పాల గదా.

నువ్వు డ్రైవింగు నేర్చుకుంటాండావంట. నేర్చుకో తల్లీ. చేతికి ఏదన్నా తేడా తగిలితే ఆపి దిగు. పండగున్నా, పెండ్లున్నా దిగు. నూరేండ్లు సల్లగుండు.

అదెవురు, గేటు తీసింది? మీ అమ్మనా? పిలువు. నేనే చెప్తా ఈ పొద్దు. ఉండు ఉండు, చెప్పులిడవనీ. నీళ్ళు తాగనీ. నువ్వు లేచిపోగాకు, ఈడనే కూర్చో నా పక్కన. సుజాతా... ఏం లే మ్మా, ఇట్ల రా. ఒగమాట...